విశాఖ చూడవచ్చేవాళ్లకు ఏం చెబుతున్నాం?

విశాఖపట్నంలో కాపురమున్నవాళ్లకు దసరా సెలవుల ముందో, డిసెంబరులోనో తప్పకుండా ఒక ఫోను వస్తుంది. "పిల్లలతో వస్తున్నాం బాబాయ్, మూడ్రోజులుంటాం. ఏమేం చూడాలో కాస్త రాసి పంపించవా?" అడిగింది హైదరాబాదు నుంచైనా, డల్లాస్ నుంచైనా మనం పంపే జాబితా ఒక్కటే. ఆర్కే బీచ్, సబ్‌మెరైన్, కైలాసగిరి, రుషికొండ, సింహాచలం, ఒకరోజు అరకు. క్యాబ్ డ్రైవరు చెప్పేదీ అదే, హోటల్ కౌంటర్ దగ్గర అట్ట మీద అంటించేదీ అదే. టూరిజం వాళ్ల ప్యాకేజీ బస్సు తిరిగేదీ దాదాపు ఆ చుట్టే.

ఆ జాబితాలో ఉన్నవన్నీ చూడదగ్గవే. లోపమల్లా అందులో చోట్లున్నాయి గానీ వేళలు లేవు. ఇటు కొండలు, అటు సముద్రం నొక్కిపట్టిన ఊరిది. పొద్దున్న హాయిగా ఉన్న చోటే మధ్యాహ్నానికి మాడ్చేస్తుంది. జనవరిలో మురిపించిన తీరం మే నెల ఉక్కపోతలో మనిషిని పిండేస్తుంది. సలహా ఇచ్చేవాళ్లు కిలోమీటర్లు చెబుతారు, గంటలు చెప్పరు. ఏ నెలో అసలే చెప్పరు. వచ్చేది ఎవరో కూడా అడగరు.

మొదట బీచి సంగతి. చుట్టాలను సాయంత్రం ఆరింటికి ఆర్కే బీచికి తీసుకెళ్లడం ఈ ఊళ్లో ఆచారమైపోయింది. సూర్యాస్తమయం ఫోటో తీద్దామని వచ్చినవాళ్లు సముద్రం వైపు తిరిగి నిలబడితే, సూర్యుడు వాళ్ల వీపు వెనక మేడల చాటున దిగిపోతుంటాడు. ఇది తూర్పు తీరం. ఇక్కడ పొద్దు సముద్రంలోంచి పొడుస్తుందే గానీ అందులోకి కుంకదు. కాబట్టి ఈ బీచికి వెళ్లాల్సింది తెల్లారే వేళ. నడిచేవాళ్ల కోసం ఆ పూట బీచ్ రోడ్డులో బళ్లను ఆపేస్తారు. పిల్లలు రోడ్డు మధ్య స్కేటింగ్ చేస్తుంటారు, రిటైరైన పెద్దవాళ్లు గుంపులుగా కూర్చుని రాజకీయాలు తేలుస్తుంటారు. సాయంత్రానికి కైలాసగిరి మేలు. రోప్‌వే ఎక్కి పైకెళితే ఒకవైపు ఊరి వెనక కొండల మీద కుంకే పొద్దు, రెండోవైపు వంపు తిరిగిన తీరం కనిపిస్తాయి. అక్కడి నుంచి దిగాక బీచికి వెళ్లి మామిడికాయ తురుము వేసిన మురీ మిక్చర్ తింటే తినొచ్చు. సాయంత్రం బీచి దానికే బాగుంటుంది.

స్నానం సంగతి మాత్రం మొహమాటం లేకుండా ముందే చెప్పాలి. ఎవరూ చెప్పరు. ఈ తీరంలో చాలా చోట్ల ఒడ్డుకు కొట్టిన నీరు సన్నటి పాయగా ఒక్కచోట పోగై వేగంగా లోపలికి పోతుంది. చుట్టూ అలలు విరుగుతుంటే ఆ పాయ మీద మాత్రం నీళ్లు నిలకడగా ఉన్నట్టుంటాయి. ఈత రానివాళ్లు అక్కడే దిగుతారు. ఆర్కే బీచి కథ ఇంకాస్త వేరు. దక్షిణం నుంచి ఉత్తరానికి తీరం వెంట నడిచే ఇసుకను హార్బరు ముఖద్వారం దగ్గరి అడ్డుగోడలు ఆపేస్తాయి. అందుకే డ్రెడ్జర్లు తవ్వి తీసిన ఇసుకను తెచ్చి ఇక్కడ పోస్తుంటారు. ఏ ఏటికా ఏడు రూపు మారే ఒడ్డిది. కిందటిసారి మోకాలి లోతున్న చోటు ఈసారి నడుం లోతుండొచ్చు. నీళ్లలో దిగాలని పిల్లలు మరీ పట్టుబడితే 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన రుషికొండకు తీసుకెళ్లి, లైఫ్‌గార్డులు గీసిన గీత దాటనివ్వకూడదు. యారాడ బీచి కళ్లకు బాగుంటుంది. కొండ దిగుతుంటే కొబ్బరిచెట్ల మీదుగా కనబడే ఆ నీలం మరెక్కడా దొరకదు. ఆ నీళ్లను మాత్రం నమ్మడానికి లేదు.

కురుసుర సబ్‌మెరైన్‌ను చిన్నపిల్లల వినోదంలా చెప్పి వదిలేస్తారు. అది పెద్దవాళ్లు చూడాల్సినది. సోవియట్ యూనియన్లో తయారై 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరింది, 2001లో విరమించింది, 2002 నుంచి ఇసుకలో మ్యూజియమై ఉంది. తొంభై మీటర్ల చిల్లర పొడవున్న ఆ గొట్టంలో నడుస్తుంటే గుండ్రటి ఇనుప ద్వారాల దగ్గర ఒక కాలు ముందు దూర్చి, తల వంచి, ఆ తర్వాత రెండో కాలు లాగాలి. టార్పెడోల పక్కనే పడక, ఆ పడక కూడా వంతులవారీగా. నేవీలో పనిచేసి రిటైరైనవాళ్లే గైడ్లుగా ఉంటారు. వాళ్లను ఊరికే ఫోటోలు తీయమని అడిగే బదులు మంచినీళ్ల రేషన్ గురించి అడిగితే చెబుతారు. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక ఈ తీరానికి దగ్గర్లోనే పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది. మనం మన నౌక దాడికి మునిగిందంటాం, వాళ్లు లోపలి పేలుడంటారు. ఆ శిథిలం ఇంకా అడుగునే ఉంది. ఎదురుగా టీయూ-142 విమానం కూడా ఉంది గనక రెండూ కలిపి ఒక పూట పెట్టుకోవచ్చు. సోమవారం మాత్రం ఆ వైపు వెళ్లొద్దు, సెలవు. మోకాళ్ల నొప్పులున్న అత్తగారిని ఆ ద్వారాల్లో దూర్చడమూ భావ్యం కాదు.

ఇక ఎవరూ చెప్పని విశాఖ ఒకటుంది. అది పాత ఊరు. జగదాంబ సెంటరు దాటి పూర్ణా మార్కెట్ మీదుగా వన్‌టౌన్ వైపు వెళితే ఊరు వయసు తెలుస్తుంది. 1933లో హార్బరు తెరవడానికి ముందు ఊరంటే ఇదే. బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారికి గర్భగుడి కప్పు లేదు. ఎండా వానా నేరుగా ఆమె మీదే. పూజారి చేతికివ్వకుండా భక్తులే స్వయంగా పసుపు కుంకుమ సమర్పిస్తారు. మార్గశిర మాసం గురువారాలు తప్ప ఏ రోజైనా నిదానంగా చూడొచ్చు. అక్కడికి దగ్గర్లోనే మూడు కొండలు వరసగా ఉంటాయి. ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఇంకోదాని మీద వెంకటేశ్వరస్వామి. రాస్‌హిల్ చర్చి దగ్గర నిలబడితే డాల్ఫిన్స్ నోస్‌కీ ఈ కొండలకీ మధ్య ఉన్న ఇరుకు కాలువలోంచి సరుకు ఓడలు ఊళ్లోకే వస్తున్నాయా అన్నంత దగ్గరగా సాగిపోతుంటాయి. పిల్లలకు సబ్‌మెరైన్ కన్నా ఇదే గుర్తుంటుంది.

చేపల రేవుకు తీసుకెళ్లమంటే చుట్టాలు ముక్కు చిట్లిస్తారు. అయినా పొద్దున ఆరింటిలోపు ఒక్కసారి చూపించాలి. రోజుల తరబడి వేటకెళ్లిన మరబోట్లు వచ్చి కడితే జెట్టీ మీద బుట్టలు దిమ్మరిస్తారు. వంజరాలు ఒకచోట, చందువలు ఒకచోట, పొడుగాటి సూరలు మంచు మీద వరసగా. పాట మొదలైతే బయటివాడికి ఒక్క ముక్క అర్థం కాదు. ఎవరు ఎంతకు పాడారో, ఎప్పుడు ఖాయమైందో తెలిసేలోపు ఒకావిడ బుట్ట నెత్తికెత్తుకుని వెళ్లిపోతుంది. కొనేవాళ్లలోనూ, అక్కడే కూర్చుని అమ్మేవాళ్లలోనూ ఆడవాళ్లదే పైచెయ్యి. కానీ ఇక్కడా నెల చూసుకోవాలి. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లకు వేట నిషేధం. వేసవి సెలవుల్లో వచ్చే చుట్టాలకు కట్టేసిన బోట్లు, చిరిగిన వలలు కుట్టుకునే మనుషులే కనబడతారు. హోటల్లో చేపల పులుసు ధర ఎందుకు పెరిగిందో కూడా అప్పుడే తెలుస్తుంది.

భీమిలి రోడ్డు మీద అందరూ కారు ఆపకుండా పోతారు. ఇది నాకున్న పెద్ద ఫిర్యాదు. ముప్ఫై కిలోమీటర్ల ఆ దారిలోనే ఈ ప్రాంతపు రెండు వేల ఏళ్లున్నాయి. తొట్లకొండ మీద బౌద్ధ విహారం ఉందన్న సంగతి 1976లో నౌకాదళం విమాన సర్వేలో బయటపడింది. తవ్వకాలు 1988లో మొదలయ్యాయి. రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయంటే ఈ తీరానికి ఓడలు ఎంత దూరం నుంచి వచ్చేవో ఊహించుకోవచ్చు. భిక్షువుల గదుల పునాదులు, వాననీళ్లు పట్టడానికి రాతిలో తొలిచిన తొట్లు, ఆ అంచున నిలబడితే కింద సముద్రం. ఎనిమిదింటికి వెళితే దేవుడిచ్చిన చోటు, పన్నెండింటికి వెళితే పెనం. చెట్టు నీడ పెద్దగా లేదు, నీళ్లు వెంట తీసుకెళ్లాలి. బావికొండ, పావురాలకొండ కూడా అటే. మూడూ చూసే ఓపిక లేకపోతే తొట్లకొండ ఒక్కటి చాలు.

భీమిలికి కాస్త ముందు ఎర్రమట్టి దిబ్బలు. సినిమా పాటల్లో చూసినవాళ్లు అక్కడ ఫోటోలు తీసుకుని వచ్చేస్తారు. సముద్రం వెనక్కి తగ్గిన కాలంలో గాలి తెచ్చిపోసిన ఇసుక, లోపలి ఇనుము తుప్పెక్కి ఎర్రబడి, వానకు కోసుకుపోయి ఇలా గోడలు కట్టింది. ఇలాంటివి దక్షిణాసియాలో తమిళనాడు తీరంలోనూ, శ్రీలంకలోనూ తప్ప పెద్దగా కనబడవు. భౌగోళిక వారసత్వ సంపదగా గుర్తింపు ఉంది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కాయి. గుర్తింపులెన్నున్నా చుట్టూ ప్లాట్లు వేయాలన్న ఉబలాటం తగ్గలేదు గనక ఇది త్వరగా చూడాల్సిన చోటు. గట్ల మీదికి ఎక్కొద్దని పిల్లలకు చెప్పాలి. మనం ఒక అడుగు వేస్తే ఆ అంచు అరిగిపోతుంది. చివర్న భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు. సాయంత్రమైతే ఇంకా బాగుంటుంది.

సింహాచలం గురించి ఒక్క జాగ్రత్త చాలు. స్వామి ఏడాదంతా చందనంలోనే ఉంటాడు. నిజరూపం అక్షయ తృతీయ ఒక్కనాడే. ఆ రోజుకు తోసుకునే ఓపిక ఉంటేనే రావాలి. ఆషాఢ పున్నమి ముందు రోజు గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లు, మొక్కున్నవాళ్లకే అది. మామూలు వారం రోజుల్లో పొద్దున్నే వెళ్లినవాళ్లకు స్తంభాల మీది శిల్పం చూసే తీరిక ఉంటుంది, దిగేటప్పుడు అనాసపళ్లు, సంపెంగలు కొనుక్కునే తీరికా ఉంటుంది.

ఇప్పుడు అరకు. మనం ఇచ్చే సలహాల్లో అన్నిటికన్నా చెడ్డది "అరకు ఒకరోజులో అయిపోతుంది" అన్నది. వెళ్లిరావడం అవుతుంది, చూడడం కాదు. ఒకవైపే 115 కిలోమీటర్లు, అందులో శృంగవరపుకోట దాటాక అంతా ఘాట్. పొద్దున ఆరింటికి బయల్దేరిన కారు బొర్రాలో ఒక గంట, గిరిజన మ్యూజియంలో అరగంట, పద్మాపురం తోటలో అరగంట, బొంగు చికెన్ కోసం ఇంకో అరగంట ఆగి, చీకటి పడ్డాక మంచులో ఘాట్ దిగుతుంది. వెనక సీట్లో పిల్లలు వాంతులు. ఇంటికొచ్చాక అరకు ఎలా ఉందని అడిగితే రోడ్డు గురించే చెబుతారు.

అరకును రైల్లో వెళ్లి, ఒక రాత్రి ఉండి, రోడ్డు మీద దిగాలి. ఏడు కాకముందే విశాఖలో బయల్దేరే కిరండూల్ ప్యాసింజరు నాలుగు గంటలు తీసుకుంటుంది. ఆ నాలుగు గంటలే అసలు యాత్ర. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని రేవుకు దింపడం కోసం 1960ల్లో జపాన్ సహకారంతో వేసిన లైనిది. మనుషుల కోసం వేసింది కాదు. లైను మొత్తం మీద 58 సొరంగాలు. ఎదురుగా మైళ్ల పొడవున్నట్టుండే ఖనిజం బళ్లు దిగుతుంటే మన బండి పక్కన ఆగి వాటికి దారిస్తుంది. శిమిలిగూడ స్టేషన్ సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తు. 2017 నుంచి అద్దాల పెట్టె కూడా వేస్తున్నారు, టికెట్ దొరికితే మంచిదే. దొరక్కపోయినా మామూలు పెట్టె తలుపు దగ్గర గాలి దానికి ఏమాత్రం తీసిపోదు. తలుపు అంచున మాత్రం నిలబడొద్దు, సొరంగం గోడలు దగ్గర.

బొర్రా గుహలు అరకు కన్నా ముందే వస్తాయి. గోస్తనీ నీళ్లు సున్నపురాయిని కరిగించి తొలిచిన గుహలవి. మన రైలు పట్టాలు ఆ గుహల కప్పు మీదుగానే వెళతాయి. లోపల మెట్లు చాలా ఉన్నాయి, తడిగా ఉంటాయి, రబ్బరు చెప్పులతో దిగకూడదు. బయటికొచ్చాక గుర్తుచేసుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఈ బొర్రా చుట్టుపక్కల గిరిజన భూముల్లో ప్రైవేటు కంపెనీలకిచ్చిన గనుల లీజుల మీదే 'సమత' సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1997లో వచ్చిన ఆ తీర్పు దేశమంతటా షెడ్యూల్డ్ ప్రాంతాల్లో భూమి మీద ఆదివాసుల హక్కుకు ఆధారమైంది. ఏ టూరిస్టు బోర్డు మీదా ఆ మాట ఉండదు.

ఏ నెలలో వెళ్లాలన్నది చూడాలనుకున్నదాన్ని బట్టి ఉంటుంది. పసుపుపచ్చ వలిసె పూల కోసమైతే నవంబరు, జలపాతాల కోసమైతే వానాకాలం. వానల్లో ఘాట్‌లో కొండచరియలు పడతాయి గనక బయల్దేరే ముందు ఒక ఫోను చేయాలి. వేసవి తొలి జల్లులు పడ్డ వారం పదిరోజుల్లో కాఫీ తోటలు తెల్లగా పూస్తాయి, ఆ కాలంలో జనం ఉండరు. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. రోడ్డు పక్క పొట్లాల్లో అమ్మేదంతా ఆ తోటలదేనన్న భరోసా లేదు. కాఫీ, తేనె గిరిజన కోఆపరేటివ్ కార్పొరేషన్ దుకాణంలో కొనుక్కోవడం మంచిది. ఆ దుకాణాలు విశాఖలోనూ ఉన్నాయి. వారపు సంత రోజు తెలుసుకుని వెళ్తే మ్యూజియంలో బొమ్మల రూపంలో చూసే మనుషులు ఎదురుగానే పసుపు, పిప్పళ్లు, చీపుళ్లు అమ్ముతూ కనిపిస్తారు. డబ్బిచ్చి గిరిజనుల చేత థింసా నాట్యం ఆడించుకోవడం గురించి నాకు అంత సదభిప్రాయం లేదు. ఊరి పండక్కి ఆడే థింసా, రిసార్టు పచ్చిక మీద ఆడే థింసా ఒకటి కావు.

ఈ మధ్య సలహాలన్నీ రీల్స్ ఇస్తున్నాయి. వాటి పుణ్యమా అని లంబసింగి, వంజంగి పేర్లు తెలియని కాలేజీ కుర్రాడు లేడు. వంజంగి కొండ మీద తెల్లారేసరికి కాళ్ల కింద మేఘాలు పరుచుకుంటాయన్నది నిజమే. రీల్‌లో కనబడనిది ఏమిటంటే ఆ మేఘాలు కొన్ని రోజులే కుదురుతాయి, డిసెంబరు ఆదివారాల్లో మేఘాల కన్నా జనమే ఎక్కువ ఉంటారు, తాగి పారేసిన సీసాలు అంతకన్నా ఎక్కువ. అర్ధరాత్రి విశాఖలో బయల్దేరి నిద్రకళ్లతో ఘాట్ ఎక్కే బైకుల గురించి ఆ ఊళ్లవాళ్లనడగాలి. వెళ్లదలిస్తే ముందు రోజు సాయంత్రానికే పాడేరు చేరి పడుకోవాలి, వారం మధ్యలో వెళ్లాలి. లంబసింగిలో నీళ్లు గడ్డకట్టేంత చలి కూడా ఏడాదిలో కొద్ది రోజుల ముచ్చటే. ఆ దారిలోనే చింతపల్లి ఉంది. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు తుపాకుల కోసం మొదట దాడి చేసింది చింతపల్లి పోలీసు స్టేషను మీదే. తిరుగు దారి కృష్ణదేవిపేట మీదుగా పెట్టుకుంటే ఆయన సమాధి చూడొచ్చు. చలి చూడ్డానికి వచ్చిన కార్లలో అక్కడ ఆగేవి తక్కువ.

తూర్పున శ్రీకాకుళం వైపు ఎవరూ పంపరు. నన్నడిగితే మూడో రోజు అటే ఇవ్వాలి. హైవే మీద 110 కిలోమీటర్లు, ఘాట్ లేదు, పెద్దవాళ్లకు సుఖం. అరసవల్లిలో ఏడాదికి రెండుసార్లు, మార్చిలోనూ అక్టోబరులోనూ, ఉదయపు కిరణాలు నేరుగా మూలవిరాట్టు పాదాల మీద పడతాయి, మబ్బు లేకపోతే. దగ్గర్లోనే శ్రీకూర్మం. విష్ణువు తాబేలు రూపంలో పూజలందుకునే ఆ గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్లు తిరుగుతుంటాయి. మండపం గోడల మీద పాత వర్ణచిత్రాలున్నాయి. ఇంకాస్త లోపలికి వంశధార ఒడ్డున ముఖలింగం, తొలి తూర్పు గంగుల కళింగనగరం. ఆ తోరణాల మీది చెక్కడం ముందు నిలబడ్డవాళ్లకు భువనేశ్వర్ గుర్తొస్తుంది. అది ఒకే కళింగం గనక. చలికాలమైతే టెక్కలి దగ్గర తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరి చింతచెట్ల మీదే గూళ్లు పెడతాయి. ఆ ఊరివాళ్లు వాటిని పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. తిరిగొచ్చేటప్పుడు పొందూరులో ఆగితే, వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వుతున్న ఆడవాళ్లు కనబడతారు. సన్నటి పళ్లున్న ఆ ఎముక మధ్య గింజ చుట్టూ ఉన్న దూదిని లాగుతుంటే నలుసులన్నీ దానికి చిక్కుకుని, పోగులన్నీ ఒకవైపు తిరుగుతాయి. ఏకులు, నూలు ఆ తర్వాతి మాట. ఇదంతా చూశాక పొందూరు ఖద్దరు పంచె ధర ఎక్కువని ఎవరూ బేరమాడరు.

ఇంకా దూరం పోయేవాళ్లుంటారు. అరకు రైల్లోనే దిగకుండా కూర్చుంటే కొరాపుట్ మీదుగా జగ్దల్‌పూర్ చేరొచ్చు. ఆ దగ్గరి చిత్రకూట్ జలపాతం నిండుగా ఉండేది వానాకాలం నుంచి అక్టోబరు దాకా, వేసవిలో అంత దూరం వెళ్లడం దండగ. అన్నవరం, పిఠాపురం, కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవులు రాజమండ్రి వైపు పోయేవాళ్లకు దారిలో తగులుతాయి, విశాఖ నుంచి ప్రత్యేకంగా రానక్కర్లేదు.

పడమట అనకాపల్లి దాటి ఏటికొప్పాక వెళ్లమని మాత్రం చెబుతాను. ముప్పాతిక పూట పని. శంకరం దగ్గర బొజ్జన్నకొండ గుహలు, ఏకరాతి స్తూపాలు ఆ దారిలోనే. ఏటికొప్పాకలో బొమ్మలు చేసేటప్పుడు, తిరిగే లేత అంకుడు కర్రకు రంగు లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టేస్తుంది. దాని మీద మొగలి ఆకు నొక్కిపెడితే మెరుపొస్తుంది. 2017లో భౌగోళిక గుర్తింపు, 2025లో ఢిల్లీ రిపబ్లిక్ డే పరేడ్‌లో మన శకటం, అన్నీ ఆ బొమ్మలకే వచ్చాయి. కానీ బీచ్ రోడ్డు దుకాణాల్లో అదే పేరుతో అమ్మే వాటిలో రసాయన రంగులవీ ఉంటాయి. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలుంటే ఆ ఊరికే వెళ్లి, చేసేవాళ్ల దగ్గర, ఏ రంగు దేంతో చేశారో అడిగి కొనాలి. అడిగితే విసుక్కోరు. కరక్కాయ, నీలిమందు, పసుపు డబ్బాలు తెచ్చి ముందు పెడతారు.